పిన్ని ఆస్తి, ముగ్గురు వకీళ్ళు

దాయము అంటే పంచుకొనదగిన సొత్తు. ఆ సొత్తును పుచ్చుకొనేవాడు దాయాదుడు. తెలుగులో 'దాయ' అనే మాటకు నిఘంటువులు జ్ఞాతి అనీ, శత్రువు అనీ రెండర్థాలూ చెబుతాయి. ముప్ఫయి మూడేళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసిన కాలంలో ఈ రెండర్థాలనూ పిల్లలచేత వల్లె వేయించాను. ఒకే మాటలో చుట్టమూ పగవాడూ ఎట్లా ఇమిడారో తెలియాలంటే మాత్రం ఇంట్లో ఒక పెద్దదిక్కు వీలునామా లేకుండా కన్నుమూయాలి. ఆ తరువాత మొదట చేయవలసిన పని వకీలును వెతుక్కోవడం. చుట్టం చుట్టంగానే మిగులుతాడా, రెండో అర్థంలోకి జారిపోతాడా అనేది చాలావరకు ఆ ఎన్నికలోనే తేలిపోతుంది. ఆ అనుభవాన్ని మిత్రులతో పంచుకోవాలనే ఈ టపా.

మా పిన్ని, అంటే మా అమ్మకు చెల్లెలు, 2022 జనవరిలో తెనాలిలో పోయింది. అప్పటికామెకు ఎనభై ఒక్క ఏళ్ళు. 1969లో, పెళ్ళయిన ఆరో ఏట బాబాయి పోయారు. పిల్లలు లేరు. అప్పటికే జిల్లా పరిషత్తు బడిలో ఉపాధ్యాయిని కనుక ఎవరి చేతికిందా బతకలేదు. 1984లో తన జీతంతో, తన పేరు మీద చిన్న ఇల్లు కట్టుకొంది. 1998లో పదవీ విరమణ చేశాక, వచ్చిన సొమ్మును బ్యాంకులో వేసుకొని, పింఛనుతో కాలం గడిపింది. నేనూ మా చెల్లెలూ రెండు వీధుల అవతలే ఉండేవాళ్ళం కనుక మందూ మాకూ, మంచీ చెడ్డా మేమే చూసేవాళ్ళం. చివరి ఆరేళ్ళూ ఒక మనిషి రాత్రింబవళ్ళు ఆమెను కనిపెట్టుకొని ఉండేది.

పన్నెండో రోజు గడిచాక బీరువా తెరిస్తే కనిపించినవి ఇవి. ఇంటి దస్తావేజు. తాతగారి వల్ల వచ్చిన ఎకరం ఇరవై సెంట్ల మాగాణికి పాసుపుస్తకం. రేపల్లె వైపు బాబాయి వాటాగా వచ్చిన అర ఎకరం కాగితాలు. 6,40,000 రూపాయల ఫిక్సెడ్ డిపాజిట్ రసీదులు. వాటికి నామినీని నేను. ఒక సహకార బ్యాంకులో నామినీ లేని మరొక చిన్న డిపాజిట్. వీటన్నిటి అడుగున ఒక రూళ్ళ నోటుపుస్తకం. అందులో పిన్ని గుండ్రని దస్తూరీతో ఒక పుట: ఇల్లు అక్కయ్య పిల్లలకు, బ్యాంకు సొమ్ములో రెండు లక్షలు తనను చూసుకొన్న ఆ మనిషికి. కింద సంతకమూ, 2018 నాటి తేదీ ఉన్నాయి. సాక్షుల సంతకాలు లేవు.

మొదటి వకీలు గుంటూరులో పేరున్నవారు. మా బంధువొకరు వెంటబెట్టుకొని తీసుకువెళ్ళారు. గురజాడవారి 'కన్యాశుల్కం' చదివినవారికి వకీలుకూ కక్షిదారుకూ నడుమ దూరే మనుషులు కొత్త కాదు కదా! వకీలుగారు నా మాట సగంలో ఉండగానే గుమస్తాను పిలిచి వకాలత్నామా తెమ్మన్నారు. "మొత్తం ఆస్తికి సక్సెషన్ సర్టిఫికెట్ వేసేద్దాం, ఇల్లు కూడా అందులోనే వస్తుంది. ఫీజు ఇప్పుడేమీ వద్దు, వచ్చినదాంట్లో పదోవంతు ఇవ్వండి చాలు" అన్నారు. పోయినామెకు అత్తవారి వైపు ఎవరున్నారని గాని, ఏ ఆస్తి ఎట్లా వచ్చిందని గాని అడగలేదు. సంతకం మరునాడు పెడతానని చెప్పి వచ్చేశాను.

ఇంటికి వచ్చి చట్టం పుస్తకం సంపాదించి చదివాను. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం సక్సెషన్ సర్టిఫికెట్ అనేది పోయినవారికి రావలసిన బాకీలకూ, బ్యాంకు డిపాజిట్లకూ, వాటాలూ బాండ్ల వంటివాటికీ మాత్రమే. ఇంటికీ పొలానికీ అది పనికిరాదు. ఇక వచ్చినదాంట్లో పదోవంతు అన్న మాట. ఫలితాన్ని బట్టి ఫీజు ఒప్పుకోవడం గాని, వచ్చిన సొత్తులో వాటా మాట్లాడుకోవడం గాని న్యాయవాది చేయరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే చెబుతున్నాయి. తన వృత్తి నియమాన్నే పక్కన పెట్టిన మనిషి మన పని నియమంగా చేస్తాడని నమ్మడమెట్లా? ఆ గడప మళ్ళీ తొక్కలేదు.

రెండోవాడి సంగతి రాయడం కష్టం. అతడు నా శిష్యుడు. పదో తరగతిలో ఛందస్సు చెబితే ఒక్కసారికే గణవిభజన పట్టేసినవాడు. ఊళ్ళో మంచి ప్రాక్టీసు ఉంది. నేను వెళ్ళగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీ దగ్గర ఫీజు తీసుకొంటానా మాస్టారూ!" అన్నాడు. కాగితాలన్నీ ఓపికగా చూశాడు. నోటుపుస్తకం పుట దగ్గర ఆగి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి ఇట్లా అన్నాడు.

"దస్తూరీ అమ్మగారిదే, సంతకమూ ఆమెదే. లేనివల్లా సాక్షులే. కింద కావలసినంత చోటుంది. 2018లో ఊళ్ళోనే ఉన్న ఇద్దరు పెద్దమనుషులను నేను చూస్తాను. ఆమె కోరిక నెరవేరుతుంది, మాస్టారూ. ఇందులో ఎవరికి అన్యాయం?"

ఆ చివరి ప్రశ్న నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అతడు లోభంతో అనలేదు. నా మీది గౌరవంతో అన్నాడు. పిన్ని కోరికా నిజమే. వారసత్వ చట్టం 63వ సెక్షను మాత్రం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలంటుంది. రాసినవారు సంతకం చేయడం చూసైనా, అది తమదేనని వారు ఒప్పుకోగా విన్నా, వారి ఎదుట ఆ సాక్షులు సంతకం చేయాలి. పూర్తిగా సొంత దస్తూరీతో రాసినా సాక్షులు తప్పరు. రిజిస్ట్రేషను మాత్రం ఐచ్ఛికం. చూడని సంతకాన్ని చూశామని ఇద్దరు ముసలివాళ్ళు కోర్టు బోనులో ప్రమాణం చేయాలి. దొంగ వీలునామాకు యావజ్జీవ కారాగారం దాకా శిక్ష వేయవచ్చునని 1860 నాటి శిక్షాస్మృతి చెప్పింది. 2024 జూలై నుండి దాని స్థానంలో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా అదే చెబుతోంది. శిక్ష భయం సరే. నిజమైన పిన్ని అక్షరాల కింద అబద్ధపు సంతకాలు చేరితే, ఆ పుటలో ఉన్న నిజం కూడా దొంగదవుతుందనేది నా బాధ. "వద్దు నాయనా" అని చెప్పాను. అతడు తల వంచుకొని, నన్ను వాకిలి దాకా సాగనంపాడు.

మూడో వకీలు ఒక నడివయసు స్త్రీ. ఆమె పేరు నాకు చెప్పింది సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట దస్తావేజులు రాసే ముసలాయన. "ఆవిడ మాట కాస్త చేదుగా ఉంటుంది, పని మాత్రం శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. వెళ్ళాను. నోటుపుస్తకం ఇవ్వబోతే ఆమె పుచ్చుకోలేదు. "అది తరువాత చూద్దాం, ముందు మీ వంశవృక్షం చెప్పండి" అని ఒక తెల్లకాగితం తీసింది. పిన్ని పుట్టింటివాళ్ళలో ఎవరెవరున్నారు, ఎవరు ఎప్పుడు పోయారు? అత్తవారింట్లో ఎవరున్నారు? బాబాయి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ బతికి ఉన్నారా? ఇట్లా అన్నీ రాసుకొని, పోయినవారి పేర్ల పక్కన సంవత్సరం వేసింది. ఆ కాగితం కిందనే మూడు గళ్ళు గీసి, అప్పుడు అసలు ప్రశ్న అడిగింది.

"ఆమెకు ఏది ఎక్కడి నుంచి వచ్చింది?"

వ్యాకరణం చెప్పినవాణ్ణి కనుక ఆ ప్రశ్న నాకు వెంటనే నచ్చింది. ఒక పదం తత్సమమో, తద్భవమో, దేశ్యమో తెలియాలంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తెలియాలి. హిందూ స్త్రీ వీలునామా లేకుండా, పిల్లలు లేకుండా పోతే ఆమె ఆస్తికీ అదే పద్ధతి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం, తల్లి వల్లనో తండ్రి వల్లనో వారసత్వంగా వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకు పోతుంది. భర్త వల్లనో మామగారి వల్లనో వారసత్వంగా వచ్చింది భర్త వారసులకు పోతుంది. మరి ఆమె స్వయంగా సంపాదించుకొన్నది? భర్త కూడా లేనప్పుడు అదీ భర్త వారసులకే పోతుంది. ఆమె కన్నతల్లిదండ్రుల వంతు ఆ తరువాతే.

వకీలమ్మ గళ్ళు నింపింది. తాతగారు 1974లో పోయాక వారసత్వంగా వచ్చిన ఎకరం ఇరవై సెంట్లు మొదటి గడిలో. "మీ తాతగారు బతికి ఉండగా దానపత్రం రాసిచ్చారా, పోయాక వాటాగా వచ్చిందా?" అని ఇక్కడ రెండుసార్లు అడిగింది. దానంగా వచ్చిన ఆస్తి వారసత్వంగా వచ్చినట్టు లెక్కకు రాదట. దానపత్రం ఉంటే అదీ అటే పోయేది. మా మేనమామ ఉన్నారు కనుక ఆయనకు అరవై సెంట్లు, మా అమ్మ పోయింది కనుక ఆమె వాటా నాకూ చెల్లెలికీ చెరి ముప్ఫయి. బాబాయి వాటా అర ఎకరం రెండో గడిలో. ఇల్లూ, బ్యాంకు సొమ్మూ మూడో గడిలో. రెండో గడీ మూడో గడీ కలిపి విశాఖపట్నంలో ఉన్న పిన్ని మరిదికీ ఆడబిడ్డకూ చెరి సగం. బాబాయి అన్నగారు అంతకుముందే పోయారు. బాబాయికి తోడబుట్టినవాళ్ళు ఇద్దరు బతికి ఉండగా ఆ అన్నగారి పిల్లలకు వంతు రాదు.

"డిపాజిట్లకు నామినీని నేనే కదమ్మా?" అన్నాను.

"నామినీ అంటే బ్యాంకు చేతిలోంచి సొమ్ము అందుకొనే చెయ్యి, మాస్టారూ. సొంతదారు కాదు. భీమా విషయంలో సుప్రీం కోర్టు 1983లోనే చెప్పింది. 2023 దాకా వాటాల విషయంలోనూ అదే మాట" — ఈ చివరి వాక్యం ఆమె తరువాత ఒకనాడు ఫోనులో చెప్పింది, ఆ తీర్పు వచ్చిన డిసెంబరులో. ఆ రోజు మాత్రం, "వెళ్ళి తీసుకోండి, బ్యాంకు ఇస్తుంది. కాని అది మీ డబ్బు కాదు" అని ఊరుకొంది.

ఇది నాకు పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారకాండ ఉంది. దాని మీద విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. దాన్ని పదమూడో శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము' పేరుతో తెలుగు చేశాడు. సంతానం లేని స్త్రీ ధనం బ్రాహ్మాది నాలుగు వివాహాలలో భర్తకు చెందుతుందనీ, మిగిలిన వివాహాలలో పుట్టింటికి పోతుందనీ యాజ్ఞవల్క్యుడి మాట. 1956 చట్టం మీద ఆ పాత నీడ నాకు స్పష్టంగా కనబడింది. స్త్రీ ఉద్యోగం చేసి, తన జీతంతో ఇల్లు కట్టుకొంటుందన్న ఊహ ఆ నీడలో లేదు. అత్తవారు వెళ్ళగొట్టగా పుట్టింట చేరి, చదువుకొని, ఉద్యోగం చేసి కూడబెట్టిన ఒక వితంతువు సొమ్ము సైతం భర్త వారసులకే పోవాలని 2009లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. చట్టం అక్షరం అట్లా ఉన్నప్పుడు జాలి దాన్ని మార్చలేదన్నది అందులోని సారం. 2025 నవంబరులో అదే న్యాయస్థానం, ఇటువంటి చిక్కులు రాకుండా వీలునామా రాసుకోండని స్త్రీలకు విజ్ఞప్తి చేసింది.

ఇదంతా చెబితే మా చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆస్పత్రిలో రాత్రుళ్ళు కూర్చున్నది మనం, అన్నయ్యా. వాళ్ళు పండక్కి ఒక ఉత్తరమైనా రాశారా? నీ శిష్యుడు చెప్పిన దారిలో తప్పేముంది? పిన్ని రాసిందే కదా!" అంది. దానికి నా దగ్గర గొప్ప జవాబేమీ లేదు. "పిన్ని ముప్ఫయి రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పింది. కాపీ కొట్టినవాణ్ణి ఏనాడూ పాసు చేయలేదు" అన్నాను. చెల్లెలు ఏడ్చింది. మరునాడు తనే వచ్చి, వకీలమ్మ దగ్గరికి వెళదామంది.

ఆమె మొదట ఒక షరతు చెప్పింది. "నేను మీ పక్షం. వాళ్ళ పక్షాన కూడా నేనే ఉండటం కుదరదు. వాళ్ళకు వేరే వకీలు ఉండాలి." తన ఫీజు 12,000 అనీ, అందులో ఏ ఏ పనులు ఉన్నాయో, స్టాంపు ఖర్చులు విడిగా ఎంత అవుతాయో కాగితం మీద రాసి ఇచ్చింది. దస్తావేజుల అసలు ప్రతులు ఉంచుకోలేదు. నకళ్ళు తీసుకొని, అసలువి మా చేతికే ఇచ్చి, "ఇవి ఎవరి దగ్గరా వదలకండి, నా దగ్గర కూడా" అంది. విశాఖకు ఒక ఉత్తరం రాసింది. అందులో బెదిరింపు లేదు, వేడికోలు లేదు. ఆస్తుల జాబితా, ఎవరికి ఏది చెందుతుందో వివరం, నామినీగా నేను తీసుకొన్న సొమ్ము అప్పగించడానికి సిద్ధంగా ఉన్నానన్న మాట, చివర నోటుపుస్తకం పుట నకలు. "ఇది చట్టరీత్యా వీలునామా కాదు. ఆమె మనసు మీకు తెలియడం కోసం జతపరిచాము" అని ఒక్క వాక్యం.

మూడు వారాలకు పిన్ని మరిదిగారు స్వయంగా వచ్చారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికర్ర సాయంతో రైలు దిగారు. వెంట చెల్లెలుగారి కొడుకు. ఇల్లంతా తిరిగి చూసి, ఆ నోటుపుస్తకం అడిగి తీసుకొన్నారు. కళ్ళజోడు సవరించుకొని చదివి, "వదిన దస్తూరీ ఏమీ మారలేదే!" అన్నారు. ఇల్లు మాకు ఇవ్వలేదు. 2023లో అమ్ముకొన్నారు, అది వారి హక్కు. కాని నేను చెక్కుల రూపంలో అప్పగించిన 6,40,000లో నుంచి రెండు లక్షలు, చెల్లెలుగారిని ఒప్పించి, పిన్నిని చూసుకొన్న ఆ మనిషి ఖాతాలో వేశారు. చట్టం వారిని అడగలేదు; పిన్ని అక్షరాలు అడిగాయి. కింద అబద్ధపు సాక్షులు ఉండి ఉంటే ఆయన ఆ పుటను అట్లా చదివేవారా? కోర్టులో నిలబడి, అది వదిన దస్తూరీ కాదనే వాదించవలసి వచ్చేది.

సహకార బ్యాంకు డిపాజిట్ కోసం వాళ్ళు తమ వకీలు ద్వారా సక్సెషన్ సర్టిఫికెట్ తెచ్చుకొన్నారు. మాగాణి మ్యుటేషను మా వకీలమ్మ చేయించింది. ఇప్పటికీ సంక్రాంతికి విశాఖ నుంచి ఫోను వస్తుంది.

ఇటువంటి అవసరం పడినవారికి నేను చెప్పగలిగినవి కొద్ది మాటలే. వకీలు మొదటి అరగంటలో మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టుకోండి. ఎన్ని హామీలు ఇచ్చారో కాదు. వంశవృక్షం గీయకుండా వకాలత్నామా చాచే చోట ఆగండి. ఏ కాగితం దేనికో విడదీసి చెప్పమనండి: తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వేరు, కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ వేరు, ప్రొబేటు వేరు. హిందువుల వీలునామాలకు మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల పరిధిలో ప్రొబేటు తప్పనిసరి అన్న నియమం చిరకాలం ఉండేది. మన తెలుగు జిల్లాలలోని ఆస్తులకు ఆ నిర్బంధం లేదు. ఆ సంగతి దాచి ఖర్చు పెంచేవారూ ఉంటారు. చిన్న మొత్తాలయితే, వారసుల నడుమ తగాదా లేకపోతే, బ్యాంకులు కోర్టు కాగితం లేకుండానే హామీపత్రం తీసుకొని ఇచ్చే పద్ధతి ఉంది, "ఈ పనికి మీరు అక్కర్లేదు కదా?" అని వకీలునే అడిగి చూడండి. నిజాయితీ గల వకీలు అవునంటారు. ఫీజు పెట్టుకోలేని స్త్రీలు వెనుకాడనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీ అయినా ఉచిత న్యాయసహాయానికి అర్హురాలే.

అన్నిటికన్నా ముఖ్యం, మనకు నష్టం కలిగించే నిజాన్ని మొదటి రోజే మన ముఖాన చెప్పే వకీలు దొరికితే ఆ మనిషిని వదులుకోకండి. ఆ మాట ఆ రోజుకు చేదు. దాయాదిని దాయ కాకుండా కాపాడేది అదే.

ఆ ఏడే శ్రావణంలో మా చెల్లెలు తన వీలునామా రాయించుకొంది. ఇద్దరు సాక్షులూ ఆమె కంటె ఇరవై ఏళ్ళు చిన్నవారు. అట్లా ఉండాలని వకీలమ్మే చెప్పింది. వారిలో ఒకడు నా శిష్యుడు. వకీలమ్మ బల్ల ముందు కూర్చొని, మా చెల్లెలు సంతకం పెడుతుంటే కళ్ళారా చూసి, అప్పుడు తన సంతకం పెట్టాడు.